మీ బిళ్ళల సంగతి ఆ డబ్బాకు తెలుసా?

మన ఇళ్లలో ఈమధ్య ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది. షుగర్ ఉన్న మనిషికి డాక్టరు ‘ఓ పది కిలోలు తగ్గండి’ అని చెప్పడమే ఆలస్యం, ఇంటికొచ్చిన గంటలో ఎవరో ఒకరు ఫోను చేతికిచ్చి ఏదో ఒక నెలవారీ డైట్ ప్లాను చూపిస్తారు. పొద్దున ఒక డబ్బా, మధ్యాహ్నం ఒక డబ్బా, రాత్రికి నీళ్లలో కలుపుకుని తాగే పొడి. ‘క్యాలరీలు లెక్కగట్టి పంపుతారు. మనం ఆలోచించాల్సిన పనే లేదు. పంచదార ఉండదు, తెల్లన్నం ఉండదు. బరువు తగ్గుతుంది, బరువు తగ్గితే షుగరూ పోతుంది. ఇందులో భయపడటానికి ఏముంది?’ ఇదీ వాదన. పొద్దున్నే పార్కులో నడిచేవాళ్లు ఇదే అంటారు, ఆఫీసు క్యాంటీన్లో ఇదే అంటారు. అమెరికాలో ఉన్న కొడుకు విజయవాడలో ఉన్న తండ్రికి మూడు నెలల చందా కట్టేసి ‘హమ్మయ్య’ అనుకుంటున్నది ఈ నమ్మకంతోనే.

ఈ నమ్మకాన్ని నేను ఖండిస్తున్నాను. డబ్బా భోజనం చెడ్డదని నా వాదన కాదు. కొందరికి అది మేలు చేస్తుంది, ఎవరికి ఎలా చేస్తుందో ముందు ముందు చెబుతాను. షుగర్ ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ ఆ డబ్బా ఒకటే అనుకోవడం తప్పంటున్నాను. షుగర్ లేని మనిషికి భోజనం వట్టి భోజనమే. షుగరుకి మందు వాడే మనిషికి భోజనమూ మందూ కలిసి ఒకే లెక్క. ఆయన మింగే బిళ్ళ మోతాదును డాక్టరు నిర్ణయించింది ఆయన రోజూ తినే తిండిని బట్టి. తిండిని సగానికి సగం తగ్గించి బిళ్ళను అలాగే ఉంచితే లెక్క తప్పుతుంది.

అది ఎలా తప్పుతుందో నేను మా ఇంట్లోనే చూశాను. మా మావయ్య గుంటూరులో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. పన్నెండేళ్లుగా షుగరు. పొద్దున టిఫినుకు ముందు గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన బిళ్ళ వేసుకుని నాలుగు ఇడ్లీలు తినడం ఆయన అలవాటు. పిల్లలు ప్లాను కట్టారు. ఇడ్లీల స్థానంలో ఒక గ్లాసు స్మూతీ, గుప్పెడు గింజలు వచ్చాయి. బిళ్ళ మాత్రం అదే బిళ్ళ. మూడో రోజు పదకొండు గంటలకు ఆయనకు చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, మాట తడబడింది. గుండె నొప్పేమోనని అత్తయ్య హడలిపోయింది. పక్కింటాయన వచ్చి గ్లూకోమీటరుతో చూస్తే 48. పంచదార నీళ్లు పట్టించాక మనిషి తేరుకున్నారు. ఆ సాయంత్రం ప్లాను వాళ్లకు ఫోన్ చేస్తే అటువైపు అమ్మాయి చెప్పిన జవాబు నాకింకా గుర్తుంది: ‘ఒంట్లో మలినాలు పోతున్నప్పుడు అలాగే ఉంటుందండీ, రెండు రోజుల్లో సర్దుకుంటుంది.’

అది మలినాలు పోవడం కాదు, షుగర్ పడిపోవడం. రక్తంలో గ్లూకోజు 70 కంటే దిగితే ప్రమాదం మొదలైనట్టే. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మందులు క్లోమాన్ని ఒత్తిడి చేసి ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి. మీరు నాలుగు ఇడ్లీలు తిన్నారా, గ్లాసు స్మూతీ తాగారా అన్నది వాటికి పట్టదు. పొద్దున, రాత్రి కొలత ప్రకారం ఇన్సులిన్ పొడుచుకునేవాళ్ల పరిస్థితి ఇంకా సున్నితం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఈ భయం బాగా తక్కువ. అంటే ఒకే డబ్బా ఒకరికి క్షేమం, పక్కింటివారికి ప్రమాదం. తేడా తెచ్చేది డబ్బాలోని తిండి కాదు, డబ్బా ఎన్నడూ చూడని మందుల చీటీ.

ఇంకో మందు సంగతీ చెప్పాలి, దాన్ని వాడేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు కాబట్టి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనేవి గ్లూకోజును మూత్రంలో బయటికి పంపే మందులు. పేటెంట్ల గడువు తీరాక ధర దిగి మామూలు ఇళ్లకూ అందాయి. గుండెకూ కిడ్నీలకూ మేలు చేసే మంచి మందులే. కానీ ఇవి వాడుతూ పిండి పదార్థాలు దాదాపు మానేసే కీటో ప్లానుల్లో చేరితే రక్తంలో కీటోన్లు ప్రమాదకరంగా పెరిగి ఆమ్లత్వం రావచ్చు. ఇందులో మోసం ఎక్కడంటే, అప్పుడు మీటరులో షుగరు మరీ ఎక్కువగా కనిపించకపోవచ్చు. వాంతులు, ఆయాసం, కడుపునొప్పితో మనిషి పడిపోతుంటే ఇంట్లోవాళ్లు ‘షుగర్ బాగానే ఉందే’ అనుకుంటూ కూర్చుంటారు. బీపీ మందుల విషయమూ అంతే. తిండీ బరువూ తగ్గేకొద్దీ బీపీ దిగుతుంది, పాత మోతాదే వేసుకుంటే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. అరవై దాటినవాళ్లు అలా పడి తుంటి విరగ్గొట్టుకుంటే తగ్గిన ఆ నాలుగు కిలోలు ఎవరికి కావాలి?

ఇక్కడ ఎదుటివారు తమ పెద్ద అస్త్రాన్ని తీస్తారు. ‘డబ్బా తిండితో షుగరు వెనక్కి వెళుతుందని విదేశాల్లో రుజువైంది కదా’ అంటారు. నిజమే, రుజువైంది. ఆ రుజువు పేరు డైరెక్ట్. బ్రిటన్లో న్యూకాజిల్‌కు చెందిన రాయ్ టేలర్, గ్లాస్గోకు చెందిన మైక్ లీన్ నడిపించిన అధ్యయనం. ఫలితాలు 2017 డిసెంబరులో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మూడు నుంచి ఐదు నెలల పాటు మామూలు తిండి పూర్తిగా మానిపించి, రోజుకు సుమారు 825 నుంచి 853 క్యాలరీల సూపులూ షేకులూ మాత్రమే ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి వారిలో 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగరు అదుపులోకి వచ్చింది. మామూలు వైద్యం పొందిన రెండో గుంపులో అలా వచ్చినవాళ్లు 4 శాతమే. 15 కిలోలు, అంతకంటే ఎక్కువ తగ్గినవాళ్లలోనైతే 86 శాతం. ఇది చిన్న విషయం కాదు. షుగరు ఒకసారి వస్తే ఇక పోయేది కాదన్న పాత నిరాశను ఆ అధ్యయనం బద్దలు కొట్టింది. దాన్ని నేను గౌరవిస్తాను. గౌరవిస్తాను కాబట్టే దాన్ని సగం చదివి సరుకు అమ్ముకోవడం చూస్తే నాకు కోపం వస్తుంది.

మిగతా సగం ఇదీ. ఆ అధ్యయనంలోకి తీసుకున్నది షుగరు వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లను, ఇన్సులిన్ వాడనివాళ్లను. మా మావయ్యకు పన్నెండేళ్లు, ఆయనకు అందులో చోటే లేదు. చేరినవాళ్లకు సూపు మొదలుపెట్టిన మొదటి రోజునే షుగరు మందులూ బీపీ మందులూ ఆపేశారు. వాళ్లంతట వాళ్లు ఆపుకోలేదు, వైద్యుల పర్యవేక్షణలో ఆపారు. శిక్షణ పొందిన నర్సులో, ఆహార నిపుణులో వాళ్లను క్రమం తప్పకుండా కలిశారు. సూపుల దశ ముగిశాక మామూలు భోజనాన్ని ఒక్కసారిగా కాక వారాల తరబడి మెల్లగా తిరిగి అలవాటు చేశారు. ఆ తర్వాత కూడా నెలనెలా వెన్నంటి ఉన్నారు. అంటే అక్కడ పనిచేసింది సూపు ఒక్కటే కాదు. సూపు, మందుల సవరణ, వెన్నంటి ఉన్న మనిషి, తిరిగి వంటింట్లోకి నడిపించిన దారి, ఈ నాలుగూ కలిసి పనిచేశాయి. మన దగ్గర అమ్ముతున్నది అందులో ఒక్క సూపునే. నర్సును తీసేసి సూపును మాత్రం అమ్ముతూ ఆ 46 శాతాన్ని ప్రకటనలో వేసుకోవడం అన్యాయం.

అంత జాగ్రత్తగా నడిపినా ఏమైందో కూడా తెలుసుకోవాలి. రెండేళ్లకు ఆ 46 శాతం 36కి దిగింది. ఐదేళ్ల దాకా వెంట ఉండి చూసినవాళ్లలో అది 13 శాతం. అమెరికాలో లుక్ అహెడ్ అని ఇంకా పెద్ద అధ్యయనం జరిగింది. షుగరూ అధిక బరువూ ఉన్న 5,145 మంది అందులో ఉన్నారు. జీవనశైలి మార్చుకునే గుంపువాళ్లకు మొదటి నెలల్లో భోజనం బదులు తాగే షేకులు ఉచితంగా ఇచ్చారు, వారంవారం సమావేశాలు పెట్టారు. ఏడాదికి సగటున 8.6 శాతం బరువు తగ్గారు. తర్వాత కొంత తిరిగి వచ్చింది. అధ్యయనం ముగిసేసరికి తగ్గుదల 6 శాతం దగ్గర నిలిచింది. గుండెపోట్లు, పక్షవాతాలు మాత్రం రెండో గుంపు కంటే తగ్గలేదని 2013లో తేలింది. బరువు తగ్గడం వృథా అని దీని అర్థం కాదు, వాళ్లకు మందుల అవసరం తగ్గడం వంటి లాభాలు కలిగాయి. డబ్బా ఇచ్చేది ఆరంభం, నిలబెట్టేది ఆ తర్వాతి జీవితం అని దీని అర్థం. మూడు నెలల చందా అమ్మేవారి దగ్గర నాలుగో నెలకు జవాబుందా అని నేనడుగుతున్నాను.

రెండో వాదన: ‘పంచదార లేదని డబ్బా మీదే రాసి ఉంది కదా’. ఉంది. మన ఆహార భద్రతా సంస్థ 2018 నిబంధనల ప్రకారం 100 గ్రాములకు అర గ్రాముకు మించి చక్కెరలు లేకపోతే ‘షుగర్ ఫ్రీ’ అని రాసుకోవచ్చు. ఆ మాట చక్కెరల గురించే, పిండి పదార్థాల గురించి కాదు. మాల్టోడెక్స్ట్రిన్ అనే పొడి ఉంది. పిండి నుంచి తీస్తారు. పొడుల తయారీలో బాగా వాడతారు. నాలుక మీద తియ్యగా ఉండదు, కడుపులోకి వెళ్లాక మాత్రం గ్లూకోజులాగే వేగంగా రక్తంలోకి చేరుతుంది. కాబట్టి షుగరు రోగి చదవాల్సింది డబ్బా ముందువైపు పెద్దక్షరాలను కాదు, వెనకవైపు చిన్నక్షరాలను. పదార్థాల జాబితాలో ఏది ఎక్కువ ఉంటే అది ముందు రాయాలన్నది నియమం. మొదటి మూడు పేర్లు చూస్తే చాలు, సగం నిజం తెలుస్తుంది. ఆ తర్వాత మొత్తం పిండి పదార్థాలు ఎన్ని గ్రాములో చూడాలి. అదీ ఒక వడ్డనకా, మొత్తం ప్యాకెట్టుకా అన్నది చూడాలి. ఒకే ప్యాకెట్టును రెండు వడ్డనలుగా రాస్తే కనిపించే అంకె సగమే అవుతుంది, తినేది మాత్రం మొత్తం. అదే నిబంధనల్లో ఇంకో మాట కూడా ఉంది. ఒక ఆహారం జబ్బును నయం చేస్తుందని ప్రచారం చేసుకోకూడదు. ‘మా డబ్బాతో షుగరు మాయం’ అనేవాళ్లు చట్టం ఒప్పుకోని మాట చెబుతున్నారు.

మూడో వాదన చిరుధాన్యాలది. ‘మాది రాగి, కొర్ర, జొన్న. అన్నం కాదు కాబట్టి ఎంత తిన్నా ఫర్వాలేదు’ అంటారు. రాగుల మీద నాకు ప్రేమే. సంగటి తిని పొలం దున్నిన తాతల మనవణ్ణి. కానీ 100 గ్రాముల బియ్యంలో పిండి పదార్థాలు సుమారు 78 గ్రాములుంటే రాగుల్లోనూ 67 నుంచి 72 దాకా ఉంటాయి. పీచు ఎక్కువ, కాల్షియం చాలా ఎక్కువ, అది నిజం. అయితే ధాన్యాన్ని మెత్తటి పిండి చేసి, జావ కాచి, గ్లాసులో పోసి తాగితే అరగడానికి పెద్దగా పని మిగలదు, షుగరు త్వరగా లేస్తుంది. డబ్బాలో వచ్చే ‘మిల్లెట్ మిక్స్’ ఎక్కువగా ఈ మెత్తటి పిండే. ధాన్యం పేరు మారినంత మాత్రాన కొలత మానేయకూడదు.

నాలుగో సంగతి మన ఒంటి తీరుకు సంబంధించింది. మనవాళ్లు చూడటానికి సన్నగా ఉన్నా పొట్ట చుట్టూ కొవ్వు పేరుకుని, కండ తక్కువగా ఉంటుందని పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ ఎన్నో ఏళ్ల క్రితమే చూపించారు. అందుకే మనకు బరువు హద్దులు పాశ్చాత్యుల కంటే తక్కువగా పెట్టారు. బీఎంఐ 23 దాటితే అధిక బరువు, నడుము మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే హెచ్చరిక. అసలే కండ తక్కువున్న మనిషి మాంసకృత్తులు చాలని డబ్బాతో, వ్యాయామం లేకుండా గబగబా తగ్గితే పోయేది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా. తిన్న గ్లూకోజులో పెద్ద భాగాన్ని వాడుకునేది ఆ కండే. దాన్ని పోగొట్టుకుని తూకం మీద అంకె చూసి సంతోషించడం, దూలాలు అమ్ముకుని ఇల్లు తేలికైందని సంబరపడటం లాంటిది. మరోవైపు కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు డాక్టరును అడగకుండా ప్రొటీన్ పొడులు పట్టించడమూ ప్రమాదమే. ఎవరికి ఎంత అన్నది క్రియాటినిన్ రిపోర్టు చూసిన మనిషి చెప్పాలి.

ఇంతవరకు నేను ఖండించినవి తేలిక వాదనలు. బరువైన వాదన ఒకటి ఉంది, దానికి నిజాయితీగా జవాబివ్వాలి. ‘ఇంట్లో వండే తీరిక ఎవరికుంది? భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు పోతే, పిల్లలు దూర దేశాల్లో ఉండి ముసలివాళ్లు ఒంటరిగా మిగిలితే, ఎవరు కొలిచి వండుతారు? ఇంటి తిండి ఇంటి తిండి అంటారు, ఆ భారం మళ్లీ ఆడవాళ్ల నెత్తినే కదా?’ ఈ ప్రశ్న ముందు నేను తలవంచుతాను. ఇంటి తిండి అన్నంత మాత్రాన మంచిదని కూడా నేననను. కంచం నిండా అన్నం, దాని మధ్య గుంటలో పప్పు, పక్కన బంగాళాదుంప వేపుడు, చివర్లో పెరుగన్నం, ఇదీ మన ఇంటి తిండే. మన దేశంలో తినే తిండిలో 60 శాతానికి పైగా శక్తి పిండి పదార్థాల నుంచే వస్తోంది. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని గడప దగ్గర నిలబడి ఉన్నారు. వీళ్లలో ఎక్కువమంది ఇంటి తిండే తిన్నారు. కర్రీ పాయింటు నూనె కూరల కంటే కొలిచి పంపిన డబ్బా చాలామందికి మెరుగే.

అందుకే డబ్బా తెప్పించుకోకండి అని చెప్పడం లేదు. సరిగ్గా ఎంచుకోండి అంటున్నాను. ఎంపిక డబ్బాతో మొదలు కాకూడదు, డాక్టరుతో మొదలవ్వాలి. ‘నేను రోజుకు ఇన్ని క్యాలరీలకు, పూటకు ఇన్ని గ్రాముల పిండి పదార్థాలకు దిగబోతున్నాను. నా బిళ్ళల్లో ఏది తగ్గించాలి, ఏది ఆపాలి, ఎన్నాళ్లకొకసారి చూసుకోవాలి?’ అని అడగాలి. ఎన్నో ఏళ్లుగా షుగరు ఎక్కువగా ఉన్నవాళ్లు కంటి రెటీనా పరీక్ష కూడా చేయించుకోవాలి, ఎందుకంటే షుగరు మరీ వేగంగా దిగినప్పుడు కొందరిలో కంటి జబ్బు మొదట్లో ముదురుతుంది. టైప్ 1 షుగరు ఉన్నవాళ్లు, గర్భిణులు ఇలాంటి ప్లానుల జోలికి సొంతంగా వెళ్లనే కూడదు.

ఆ తర్వాత ప్లాను వాళ్లను అడగాలి. ప్రతి పూటా పిండి పదార్థాలు ఎన్ని గ్రాములో రాసిస్తారా? ఈ రోజు 20, రేపు 60 అయితే ఏ మందూ దానికి సరిపడదు. రోజంతటి డబ్బాల్లో కలిపి ఉప్పు ఎంత? అయిదు గ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. పీచు, మాంసకృత్తులు ఎంత? మీ దగ్గర అర్హత ఉన్న ఆహార నిపుణులు ఉన్నారా, అవసరమైతే మా డాక్టరుతో మాట్లాడతారా? షుగరు పడిపోతే ఏం చేయాలో చెబుతారా? 15 గ్రాముల గ్లూకోజు లేదా మూడు చెంచాల పంచదార ఇచ్చి, పావుగంటకు మళ్లీ చూడాలన్న కనీస జ్ఞానం ఫోనెత్తే మనిషికి ఉందా? చివరగా, ప్లాను అయిపోయాక నన్ను నా వంటింటికి ఎలా చేరుస్తారు? ఈ చివరి ప్రశ్నకు ‘రెన్యూ చేసుకోండి’ అన్నదే జవాబైతే అది మీ జబ్బు మీద నడిచే వ్యాపారం.

వంటింటికి చేరాక కావలసిన దారి మనకు దూరంలో లేదు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార మార్గదర్శకాలను కొత్తగా ఇచ్చింది. ప్యాకెట్ల మీద రాతలు చదవడం అందులో ఒక సూత్రం. కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు కలిసి కంచంలో సగం ఉండాలన్నది దాని సారం. బీరకాయ, దొండకాయ, తోటకూర, గోంగూర, పెసరపప్పు, గుడ్డు, చేప, మజ్జిగ, అన్నీ మన బజార్లో దొరికేవే. చేయాల్సింది కంచంలో స్థానాలు మార్చడం. అన్నం కొండను గరిటెడుకు తెచ్చి, ఆ చోటు కూరకివ్వడం. డబ్బా నుంచి నేర్చుకోవలసిన అసలు పాఠం కొలత. ఆ కొలత ఇంటి గిన్నెలోకి వచ్చేదాకా డబ్బా చేసిన పని అప్పు లాంటిదే, అది తీరినట్టు కాదు.

మా మావయ్య డబ్బా మానలేదు. డాక్టరు గ్లిమిపిరైడ్ తీసేసి మందు మార్చారు. పొద్దున, రాత్రి ఇంట్లోనే. మధ్యాహ్నం మాత్రం వేరేచోట నుంచి, పిండి పదార్థాల లెక్క రాసిచ్చే డబ్బా. అత్తయ్యకు ఒక పూట వంట తప్పింది. ఎనిమిది నెలల్లో ఆరు కిలోలు తగ్గారు. ఆయన ఇప్పుడు ఏ పూట ఏం తిన్నారో, రెండు గంటల తర్వాత షుగరు ఎంత ఉందో గళ్ల పుస్తకంలో రాసుకుంటారు. ఆ పుస్తకాన్ని డాక్టరూ చదువుతారు, డబ్బా పంపే చోట ఉన్న ఆహార నిపుణురాలూ చదువుతుంది. మొదటి ప్లానులో లేనిది ఈ పుస్తకమే. తిండినీ మందునూ ఒకేచోట పెట్టి చూసే కన్ను అప్పుడు లేదు.

కాబట్టి డబ్బు కట్టే ముందు మీ మందుల చీటీ తీసి వాళ్ల ముందు పెట్టండి. అమెరికాలో ఉన్న అబ్బాయిలూ, అమ్మాయిలూ, చందా కట్టే ముందు అమ్మానాన్నలు ఏ బిళ్ళ ఏ పూట వేసుకుంటున్నారో ఒక్కసారి ఫోన్ చేసి అడగండి. ఆ చీటీ చదవకుండానే డబ్బు తీసుకుంటామనేవాళ్లు ఎంత రుచిగా వండినా, ఎంత చక్కగా తూచినా, వాళ్ల డబ్బా మీ ఇంటి గడప దాటకూడదు.